హాలుకు తాళం వేశారు, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంది

మా పట్టణ పాలనాధికారులకు, పోలీసు అధికారులకు, సామాజిక హాలు నిర్వహణ సంఘం పెద్దలకు, ఆ శనివారం సాయంత్రం మాతో కలిసి కూర్చున్న ప్రేక్షకులకు రాస్తున్న బహిరంగ లేఖ

నమస్కారం.

హాలుకు తాళం పడి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో నేను మూడు అర్జీలు ఇచ్చాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోదానికి పరిశీలనలో ఉందన్నారు. మూడోసారి వెళ్లినప్పుడు గుమాస్తాగారు నా వయసు చూసి కుర్చీ వేసి, మంచినీళ్లు తెప్పించి, "ఎందుకమ్మా మీకీ గొడవ" అన్నారు. ఆ మర్యాదకు నేను కృతజ్ఞురాలిని. అయితే నాకు కావలసింది ఒక కాగితం. తాళం ఎవరు వేయమన్నారో, ఏ కారణంతో వేయమన్నారో రాసి, కింద సంతకం చేసిన కాగితం. అది ఇవాళ్టికీ నా చేతికి రాలేదు. అందుకే అందరూ చదివేలా ఈ ఉత్తరం రాస్తున్నాను.

జరిగింది జరిగినట్టు చెబుతాను.

గోదావరి వైనతేయ పాయకు దగ్గరలో ఉన్న ఆ హాలును మా తాతల తరం వారు చందాలు వేసుకుని కట్టుకున్నారు. కొబ్బరి తోటలున్నవారు డబ్బిచ్చారు, లేనివారు ఇటుకలు మోశారు. అందులో హరికథలు విన్నాం, బుర్రకథలు విన్నాం, అవధానాలు చూశాం. ఆరేళ్లుగా ప్రతి నెలా రెండో శనివారం అక్కడ ఒక సినిమా వేస్తున్నాం. సినిమా అయ్యాక దీపాలు వేసి అరగంట సేపు దాని గురించి మాట్లాడుకుంటాం. టిక్కెట్టు లేదు. గుమ్మం దగ్గర డబ్బా పెడతాం, ఇష్టమైనవారు ఇష్టమైనంత వేస్తారు.

ఆ నెల వేసింది ఒక స్టాండప్ కామెడీ సినిమా. మన జిల్లాలోనే పుట్టి హైదరాబాదులో స్థిరపడిన ఒక యువకుడు మైకు పట్టుకుని గంటంబావు సేపు ఒంటరిగా మాట్లాడిన ప్రదర్శనను సినిమాగా తీశారు. సెన్సారు బోర్డు దానికి 'ఎ' సర్టిఫికెట్ ఇచ్చింది. నిర్మాత అనుమతి, ప్రదర్శనకు కావలసిన అనుమతి, రెండూ రాతపూర్వకంగా తీసుకున్నాం. గుమ్మం దగ్గర పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాం. పద్దెనిమిదేళ్లు నిండినవారికే ప్రవేశమని, కులం మీద, ఆచారాల మీద, స్త్రీల శరీరం మీద కటువైన హాస్యం ఉంటుందని, అది సరిపడనివారు రావద్దని అందులో రాశాం. ఇంటర్ చదివే ఇద్దరు కుర్రాళ్లను నేనే వెనక్కి పంపించాను.

ఆ సినిమాలో సగం నాకు నచ్చలేదు. బూతు మాట వాడితే చాలు నవ్వు పుడుతుందని ఆ యువకుడు చాలాచోట్ల అనుకున్నాడు. కానీ పెళ్లిచూపుల ఘట్టంలో, కులం పేరెత్తకుండా కులం కనుక్కోవడానికి పెద్దలు వేసే ప్రశ్నలు ఇంటిపేరు నుంచి ఊరికి, ఊరి నుంచి వీధికి, వీధి నుంచి చెరువు గట్టుకు ఎలా దిగుతాయో చెప్పినప్పుడు నేను గట్టిగానే నవ్వాను. మా ఇంట్లో వినని ప్రశ్న అందులో ఒక్కటీ లేదు.

నెలసరి రోజుల్లో తన తల్లిని పెరటి గదిలో ఉంచిన నాన్నమ్మ గురించి అతను చెప్పడం మొదలుపెట్టగానే హాలు రెండుగా చీలింది. వెనక వరుసల్లో డిగ్రీ చదివే అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో ఇద్దరు పెద్దలు లేచి వెళ్లిపోయారు, వారి వెనక మరో తొమ్మిది మంది. వారిని ఎవరూ ఆపలేదు, ఎవరూ హేళన చేయలేదు. లేచి వెళ్లడం కూడా ప్రేక్షకుడు చెప్పే మాటే.

అసలు సంగతి చివరి ఇరవై నిమిషాల్లో వచ్చింది. గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు తెచ్చుకునే బంగారం మీద అతను ఒక జోకు వేశాడు. ఆ బంగారం ఎలా వచ్చిందో మీరే ఊహించుకోండి అన్న ధోరణి. తెర మీది ప్రేక్షకులు పడీపడీ నవ్వారు. మా హాలులో కూడా కొందరు నవ్వబోయి, పక్కన ఎవరు కూర్చున్నారో గుర్తొచ్చి ఆగిపోయారు. కోనసీమలో కువైట్‌కో దుబాయ్‌కో మస్కట్‌కో పనికి వెళ్లిన ఆడమనిషి లేని వీధి ఎక్కడుంది?

దీపాలు వేశాక మూడో వరుసలో ఒకావిడ లేచింది. పదకొండేళ్లు కువైట్‌లో పనిచేసి వచ్చిన మనిషి. గొంతు పెంచలేదు. "నా చేతి గాజులు చూసి నవ్వారు. నా వీపు మీద వాతలు చూపిస్తాను, వాటిని చూసి కూడా నవ్వుతారా?" అని అడిగింది. ఫ్యాన్ల చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. ఇందాక చప్పట్లు కొట్టిన అమ్మాయిల్లో ఒకరు లేచి, "పిన్నిగారూ, నేను కూడా నవ్వాను. తప్పయింది" అంది. మా ప్రొజెక్టరు నడిపే అబ్బాయి జోకును సమర్థించబోయి మాట మధ్యలో కూర్చుండిపోయాడు. ఒక కొబ్బరి వర్తకుడు, మన ఊళ్ల గుట్టు పట్నానికి వెళ్లి చెప్పుకోవడమే తప్పన్నారు. గుట్టుగా ఉంచినందుకే పెరటి గదులు ఇన్నాళ్లు నిలిచాయని ఇంకో అమ్మాయి ఆయనకు ఎదురు చెప్పింది. అరగంట అనుకున్నది గంటన్నర అయింది. ముప్పై నాలుగేళ్లు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, ఊరివాళ్లు ఒకరితో ఒకరు అంత నిజాయితీగా మాట్లాడుకోవడం అంతకుముందు నేను వినలేదు.

మర్నాడు పొద్దున్నే నలభై సెకన్ల వీడియో ఒకటి ఫోన్లలో తిరగడం మొదలైంది. చీకట్లో ఎవరో తీశారు. అందులో నాన్నమ్మ జోకు ఉంది, చప్పట్లు కొడుతున్న ఆడపిల్లల ముఖాలు ఉన్నాయి. కువైట్ నుంచి వచ్చినావిడ మాట లేదు. లేచి వెళ్లినవారు లేరు. గుమ్మం దగ్గరి బోర్డు లేదు. మన ఆచారాలను తిట్టించి ఆడపిల్లలతో చప్పట్లు కొట్టించారని కింద రాసి పంపారు. సాయంత్రానికి ఫిర్యాదు వచ్చింది, సోమవారం ఉదయానికి తాళం పడింది. శాంతిభద్రతల దృష్ట్యా అని నోటిమాటగా చెప్పారు.

ఆ భయానికి ఆధారం లేదని నేను అనను. 2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చే విషయంలో మొదలైన నిరసనలో అమలాపురంలో ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుడి ఇల్లు తగలబడ్డాయి. తర్వాత రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. కులం పేరు వినబడితే ఇప్పటికీ గుండె దడదడలాడే ఊళ్లు మనవి. అలాంటి చోట అధికారులు జాగ్రత్త పడకూడదని ఎవరంటారు? కానీ ఆనాటి మంట నలుగురూ ఒక హాలులో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నందువల్ల పుట్టలేదు.

మోటు హాస్యం పట్నం నుంచి దిగిన తెగులని కొందరు పెద్దలు అంటున్నారు. మా నాయనమ్మ చేయి పట్టుకుని నేను చూసిన తోలుబొమ్మలాటలో, సీతమ్మ శోకానికీ లంకాదహనానికీ మధ్య హాస్యపు బొమ్మలు కేతిగాడు, బంగారక్క వచ్చి ఆడే మాటలు ఈ ఉత్తరంలో రాయలేను. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. బుర్రకథలో ఒక వంత హాస్యం చెబితే రెండో వంత ఆనాటి రాజకీయాన్ని దులిపేవాడు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడి పనే అవధానిని రెచ్చగొట్టడం. పైన రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని, 1876లో హాస్యసంజీవని పెట్టి, లంచగొండులను, పసిపిల్లలకు పెళ్లిళ్లు చేసే పెద్దలను ప్రహసనాలలో దుమ్మెత్తిపోశారు. మెచ్చుకున్నవారున్నారు, పగబట్టినవారున్నారు. ఇవాళ ఆయన విగ్రహానికి మనమే దండలు వేస్తున్నాం.

అయితే ఒక తేడా ఉంది, దాన్ని దాచను. కేతిగాణ్ని ఆడించే మనిషి తెర వెనక ఉన్నా మా ఊరి నవ్వు అతనికి వినబడేది, మా ఊరి తిట్టు కూడా వినబడేది. జనం ముఖం చిట్లిస్తే మాట మార్చేవాడు. పృచ్ఛకుడికి అవధాని అక్కడికక్కడే జవాబు చెబుతాడు. సినిమాగా తీసిన స్టాండప్‌లో ఆ వీలు లేదు. జోకు ఎక్కడో ఎప్పుడో వేశారు. ఎక్కడ నవ్వాలో వేరే ఊరి ప్రేక్షకులు ముందే నవ్వి చూపిస్తారు. కువైట్ నుంచి వచ్చిన మనిషి లేచి నిలబడినా తెరకు వినబడదు. అందువల్లనే, దీపాలు వేశాక మాట్లాడుకునే ఆ అరగంట సినిమా కంటే ముఖ్యమని మేము అనుకుంటాం. మన మాట వినలేని ఆ సినిమాకు నలుగురిలో నిలబడి జవాబు చెప్పగలిగిన చోటు ఈ ఊళ్లో అదొక్కటే. మీరు దానికి తాళం వేశారు. నలభై సెకన్ల వీడియోను వదిలేశారు.

ఇంకోచోట ఏం జరిగిందో కూడా చూడండి. అమెరికాలో లెనీ బ్రూస్ అనే హాస్యకారుడు అశ్లీలంగా మాట్లాడాడని 1964లో న్యూయార్క్ కోర్టు దోషిగా తేల్చింది. 1966లో అతను చనిపోయాడు. 2003లో ఆ రాష్ట్ర గవర్నరే మరణానంతర క్షమాభిక్ష ప్రకటించారు. అదే దేశంలో ఎడ్డీ మర్ఫీ అనే హాస్యనటుడి ప్రదర్శనలు 1983లో టీవీకి, 1987లో సినిమాహాళ్లకు వచ్చాయి. స్వలింగ సంపర్కుల మీద, ఎయిడ్స్ మీద అతను వేసిన జోకులకు కొందరు విరగబడి నవ్వారు, కొందరు తీవ్రంగా గాయపడ్డారు. గాయపడినవారు ఊరుకోలేదు, ఏళ్ల తరబడి నిలదీశారు. 1996లో మర్ఫీ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. మన దేశంలో 2021 జనవరి 1న ఇండోర్‌లో అరెస్టయిన స్టాండప్ హాస్యకారుడు మునావర్ ఫారూఖీకి ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు తాత్కాలిక బెయిలు ఇచ్చింది. ఆ నెలరోజుల్లో అతని హాస్యం మంచిదా చెడ్డదా అని అడిగినవారు నాకు కనబడలేదు. అరెస్టు న్యాయమా అన్యాయమా అన్నదే అందరి నోటా వినిపించింది.

ఇక ఈ తాళం వల్ల మా ఊరి మామూలు మనుషులకు ఏమైందో చెబుతాను.

1. వీడియోలో ముఖం కనిపించిన అమ్మాయిల్లో ఒకరికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. తాంబూలాలకు ముహూర్తం కూడా పెట్టుకున్నారు. "మీ అమ్మాయి నవ్వు మావాళ్లంతా చూశారు" అని కబురు పెట్టారట. ఇంకో అమ్మాయిని డిగ్రీ రెండో ఏడాదిలో కాలేజీ మాన్పించారు. నేను వాళ్లింటికి వెళ్లాను. తండ్రి కొబ్బరి దింపు కార్మికుడు, మాట తీరు నెమ్మది. "హాలుకు తాళం పడిందంటే అక్కడ తప్పు జరిగినట్టే కదా టీచరుగారూ? జరగకపోతే ప్రభుత్వం తాళం ఎందుకు వేస్తుంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. శాంతిభద్రతల కోసమని మీరు వేసిన తాళం ఆ ఇంట్లో ఆ పిల్ల మీద తీర్పు అయి కూర్చుంది. పిల్ల గుమ్మం అవతల నిలబడి మా మాటలు వింటూ ఉంది. నేను తిరిగి వస్తుంటే గేటు దాకా వచ్చి, లైబ్రరీ పుస్తకం ఒకటి నా చేతిలో పెట్టి, గడువు దాటిందని, తన తరఫున జరిమానా కట్టమని ఇరవై రూపాయలు ఇచ్చింది. అధికారులారా, నవ్వినందుకు ఈ పిల్ల ఇంకా ఎంత కట్టాలి?

2. ప్రొజెక్టరు నడిపిన అబ్బాయిని నాలుగుసార్లు స్టేషనుకు పిలిచారు. నోటీసు లేదు, కేసు లేదు. పిలిచిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయింది. అతను రైస్ మిల్లులో ఎలక్ట్రీషియన్ పని చేసేవాడు. నాలుగోసారి తర్వాత మిల్లువారు ఇక రావద్దన్నారు.

3. ఆ హాలు అద్దె తక్కువ. పేదల ఇళ్లలో నిశ్చితార్థాలు, పుట్టినరోజులు అక్కడే జరిగేవి. ఇప్పుడు అప్పు చేసి ఫంక్షన్ హాళ్లు మాట్లాడుకుంటున్నారు. డ్వాక్రా సంఘాల సమావేశాలు రావిచెట్టు కిందికి మారాయి, వానాకాలంలో ఏం చేస్తారో తెలియదు. పిల్లల సినిమాలు ఆగిపోయాయి. వాచ్‌మన్‌కు జీతం లేదు.

4. జోకు వేసిన యువకుడు బాధితుడైపోయాడు. తన సొంత జిల్లాలో తనను నిషేధించారని చెప్పుకుంటున్నాడు. అతణ్ని అంతకుముందు ఎరగనివారు కూడా ఇప్పుడు అతని వీడియోలు వెతికి చూస్తున్నారు. నిజంగా గాయపడిన మనిషి అడిగిన ప్రశ్న మాత్రం ఆ హాలు గోడల మధ్యే ఉండిపోయింది. ఆవిడకు న్యాయం చేస్తున్నామని అనుకుని మీరు తాళం వేసి ఉంటే, ఆవిడను ఒక్కసారి పిలిచి అడగండి. నన్ను ఆవిడ అడిగింది ఒక్కటే. "మళ్లీ ఎప్పుడు పెడతారండీ? నేను చెప్పాల్సింది ఇంకా ఉంది."

5. లేచి వెళ్లిపోయిన పెద్దల్లో ఒకరు నా పాత సహోద్యోగి. ఫిర్యాదు ఇచ్చింది ఆయన కాదు. మరుసటి నెల వచ్చి అందరి ముందు తన అభ్యంతరం చదవాలని నాలుగు పేజీలు రాసుకున్నారు. నాకు చూపించారు. నన్ను కూడా గట్టిగానే తప్పుపట్టారు, అందులో రెండు విషయాలు నిజం. ఆ నాలుగు పేజీలు వినే హక్కు ఊరికి ఉంది.

చట్టం సంగతి మీకు నాకంటే బాగా తెలుసు కనుక క్లుప్తంగా చెబుతాను. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం భావప్రకటన స్వేచ్ఛ ఇచ్చింది. సభ్యత కోసం, నైతికత కోసం, శాంతిభద్రతల కోసం సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చని 19(2) చెప్పింది. ఆ పరిమితి చట్టం ద్వారా రావాలి, నోటిమాటగా కాదు. సినిమాకు ముందస్తు సెన్సారు ఉండవచ్చని 1970లో కె.ఎ. అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మేము వేసింది ఆ సెన్సారు దాటి వచ్చిన సినిమా. 1989లో ఎస్. రంగరాజన్ కేసులో, రిజర్వేషన్ల విషయంలో వివాదమైన ఒక తమిళ సినిమా గురించి అదే కోర్టు ఇంకో మాట చెప్పింది. ఊరేగింపులు తీస్తామనో, దౌర్జన్యానికి దిగుతామనో ఎవరో బెదిరించినంత మాత్రాన భావప్రకటనను అణచకూడదని, దానికి రక్షణ కల్పించడం ప్రభుత్వం బాధ్యత అని.

మరొక సంగతి. సంక్రాంతి మూడు రోజులూ మన డెల్టాలో కోడిపందేల బరుల పక్కన రికార్డింగ్ డాన్సులు జరుగుతాయి, పసిపిల్లలు చూస్తుండగా. వాటిని కూడా మూయమని అడగడం నా ఉద్దేశం కాదు. అశ్లీలతకు మీరు వాడే కొలత ఏమిటో తెలియక అడుగుతున్నాను. అక్కడ పనికిరాని కొలత, పెద్దలకు మాత్రమే అని బోర్డు పెట్టిన హాలుకు ఎలా పనికొచ్చింది?

మేము కోరేవి ఇవి.

1. తాళం వేయమన్న ఆదేశం ఎవరిదో, ఏ చట్టం కింద ఇచ్చారో పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయండి. అలాంటి ఆదేశమే లేకపోతే వెంటనే తాళం తీయండి.

2. ఆ సాయంత్రం ప్రేక్షకులుగా వచ్చినవారు ఏ తప్పూ చేయలేదని బహిరంగంగా ప్రకటించండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. మీరు చెప్పే ఒక్క వాక్యం ఆ దింపు కార్మికుడి ఇంట్లో నా నూరు మాటల కంటే బలంగా పనిచేస్తుంది.

3. అనుమతి లేకుండా ఆడపిల్లల ముఖాలు తీసి, ముక్క కత్తిరించి, ఊరంతా పంపినవారి మీద విచారణ జరపండి. ఆ పిల్లల తల్లిదండ్రులు ఫిర్యాదు ఇవ్వడానికి వస్తే బెదరగొట్టకుండా తీసుకోండి.

4. ప్రొజెక్టరు అబ్బాయిని ఇంకోసారి పిలవవలసి వస్తే నోటీసు ఇచ్చి పిలవండి. అతని మీద కేసేమీ లేదని మిల్లు యజమానికి ఒక మాట చెప్పండి.

5. ఇకముందు ఏ ప్రదర్శన మీద ఫిర్యాదు వచ్చినా, తాళం గురించి ఆలోచించే ముందు రెండు పక్షాలనూ ఒకచోట కూర్చోబెట్టండి. మా వైపు నుంచి జరిగిన లోపం ఒకటుంది, ఒప్పుకుంటున్నాను. ఫోన్లు గుమ్మం దగ్గర తీసుకుని ఉండవలసింది. ఇకమీదట తీసుకుంటాం. సినిమా తర్వాత మొదటి పదిహేను నిమిషాలు అభ్యంతరం ఉన్నవారికే మైకు ఇస్తాం. ఇంకేమైనా షరతులు ఉంటే చెప్పండి, రాసి సంతకం పెడతాం.

ఆ యువకుడు కూడా ఈ ఉత్తరం చదువుతాడని ఆశిస్తున్నాను. బాబూ, నీ సినిమాను ఆపమని నేను ఎవరినీ అడగలేదు, అడగను. కానీ నిషేధం పేరు చెప్పుకుని తప్పించుకోకు. హాలు తెరిచిన రోజున రా. మైకు లేకుండా, కెమెరా లేకుండా వచ్చి మూడో వరుసలో ఆవిడ పక్కన కూర్చో. ఆవిడ చెప్పాల్సింది ఇంకా ఉందట, విను.

వచ్చే రెండో శనివారం సాయంత్రం ఆరు గంటలకు మేము హాలు అరుగు మీద కూర్చుని ఉంటాం. సినిమా ఉండదు, నినాదాలు ఉండవు. నా పాత సహోద్యోగి తన నాలుగు పేజీలూ అక్కడే చదువుతానన్నారు. మీలో ఎవరు వచ్చినా కుర్చీ వేస్తాం. తాళంచెవి తెచ్చినా సరే, సంతకం చేసిన కాగితం తెచ్చినా సరే.

ఇట్లు,
రెండో శనివారం సినిమా నిర్వాహకుల తరఫున
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు